గ్రామసభ పోయిన ఊళ్లో లెక్క ఎవరడగాలె?

విజయవాడ రోడ్డు మీద పోతుంటే పెద్ద అంబర్‌పేట్ దగ్గర మీకు కనపడేవి ఔటర్ రింగ్ రోడ్డు, ఫంక్షన్ హాళ్లు, వెంచర్ల బోర్డులు. ఒకప్పుడు ఇది గ్రామ పంచాయతీ. తర్వాత నగర పంచాయతీ అయింది, ఆ తర్వాత మున్సిపాలిటీ. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పట్టణాలను జీహెచ్‌ఎంసీలో కలపాలని సర్కారు నిర్ణయించింది, అందులో ఇదీ ఉంది. మెట్టు ఎక్కిన కొద్దీ ఊరి పేరు ముందు బోర్డు పెద్దదైంది. కానీ ఒక్క సంగతి గమనించండి. పంచాయతీగా ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. సరిగ్గా జరిగిందా, సంతకాలు పెట్టించుకుని ముగించిన్రా అన్నది వేరే ముచ్చట. చట్టప్రకారం మాత్రం ఏ కూలి తల్లి అయినా లేచి "ఆ పైసలు ఏమైనయి?" అని అడిగే చోటు ఒకటి ఉండేది. మున్సిపాలిటీ అయినంక ఆ చోటు పోయింది. ఉపాధి హామీ పని ఊళ్లకే గానీ పట్టణాలకు లేదు కాబట్టి అదీ పోయింది. దాంతోపాటు వచ్చే సామాజిక తనిఖీ కూడా పోయింది.

ఏజెన్సీలో ఉన్న మన అన్నదమ్ములకు పెసా ఉంది, 1/70 ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది. అవి అమలవుతున్నయా అన్న కొట్లాట రోజూ జరుగుతూనే ఉంది గానీ, కనీసం చేతిలో పట్టుకోవడానికి ఒక కాగితం ఉంది. మైదానంలో తండాలు కొన్ని 2018 చట్టంతో పంచాయతీలైనయి. మరి తండా విడిచి, బతుకుదెరువు కోసం పట్నం అంచుకు వచ్చి, అడ్డా మీద నిలబడే కుటుంబాలకు ఏముంది? మేస్త్రీ పనికి, సెంట్రింగ్ పనికి వచ్చిన లంబాడా కుటుంబం, ఎరుకల కుటుంబం ఇట్లాంటి అంచు ఊళ్లలో కిరాయి గదుల్లో, రేకుల షెడ్లలో ఉంటున్నది. ఊళ్లో ఓటు, పట్నంలో బతుకు. రెండు చోట్లా లెక్క అడిగే హక్కు గాలిలో ఉంది.

ఈ సంగతి చెప్పడానికి మేం మిమ్మల్ని ఆఫ్రికా దాకా తీసుకుపోతున్నం. కొంచెం ఓపిక పట్టండి, ఎందుకో మీకే అర్థమైతది.

2024 జూన్‌లో కెన్యా వీడియోలు మీ ఫోన్లలోకి కూడా వచ్చి ఉంటయి. నైరోబీ రోడ్ల మీద వేల మంది పిల్లలు, ఇరవై ఏళ్లు ఇరవై రెండేళ్ల వాళ్లు, పార్లమెంటులోకి దూసుకుపోయిన్రు. జూన్ 25న అది జరిగింది. మర్నాడే అధ్యక్షుడు రూటో ఆ ఆర్థిక బిల్లు మీద సంతకం పెట్టనని ప్రకటించిండు. మన వాళ్లు చాలామంది "దమ్ముంటే ఇట్లుండాలె" అని స్టేటస్‌లు పెట్టిన్రు. పోలీసు కాల్పుల్లో పదుల మంది చనిపోయిన్రన్నది ఆ స్టేటస్‌లలో పెద్దగా కనపడలేదు. ఇంకోటి కూడా కనపడలేదు. రోడ్డు మీదికి రాకముందు ఆ పిల్లలు వారాల పాటు చేసిన పని ఏందో తెలుసా? బిల్లు చదివిన్రు. ఇంగ్లీషులో ఉన్న ఆ బిల్లును తమ తమ భాషల్లోకి తిప్పుకున్నరు. రొట్టె మీద 16 శాతం పన్ను అంటే ఒక్క రొట్టె ప్యాకెట్‌కు ఎంత పెరుగుతుందో చిన్న చిన్న వీడియోలల్ల చెప్పిన్రు. రొట్టె మీద పన్నును జనం రోడ్డెక్కిన తొలి రోజుల్లోనే సర్కారు వెనక్కి తీసుకుంది. అంటే ఆ నినాదం వెనకాల ఒక లెక్క ఉంది. ఆ లెక్క చదివిన ఇంటి పిల్ల ఉంది.

నైజీరియాలో జంఫారా రాష్ట్రంలో బగేగా అని ఒక ఊరు. బంగారపు రాళ్లను ఇళ్ల దగ్గరే దంచి కడిగేవాళ్లు, ఆ దుమ్ములో సీసం ఉంది. 2010లో ఆ ప్రాంతమంతా సీసం విషం బయటపడింది. నాలుగు వందల మందికి పైగా పసిపిల్లలు చనిపోయిన్రు. ఊరును శుభ్రం చేయడానికి సర్కారు డబ్బు ప్రకటించింది గానీ అది ఊరి దాకా రాలేదు. 2012లో హంజత్ లవాల్ అనే యువకుడు, ఆయన మిత్రులు ఆ డబ్బు ఎక్కడ ఆగిందని వెంటపడిన్రు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరే "ఫాలో ద మనీ", అంటే పైసల వెంట పడి నడువు అని. 2013 మొదట్లో డబ్బు విడుదలైంది. ఊరు శుభ్రమైంది, పిల్లలకు వైద్యం మొదలైంది.

ఇవి రెండూ పెద్ద కథలు. మనకు దగ్గరి కథ మాత్రం దక్షిణాఫ్రికాలో ఉంది.

కేప్‌టౌన్ నగరం అంచున ఖయెలిత్షా అని పెద్ద బస్తీ. జాతివివక్ష పాలనలో నల్లవాళ్లను నగరం బయటికి నెట్టి కట్టించిన చోటు. లక్షల మంది ఉంటరు, అందులో చాలామంది రేకుల ఇళ్లలోనే. ఇంట్లో మరుగుదొడ్డి ఉండదు. రాత్రిపూట బయటికి నడిచిపోయే ఆడవాళ్ల మీద, పిల్లల మీద దాడులు జరిగేవి. నగర పాలక సంస్థ ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చి ప్లాస్టిక్ మరుగుదొడ్లు పెట్టించింది. సోషల్ జస్టిస్ కోయలిషన్ అనే సంఘం 2008 నుంచి అక్కడ పని చేస్తున్నది. 2013 ఏప్రిల్‌లో ఆ సంఘం పిల్లలు, బస్తీ జనం కలిసి ఆ కాంట్రాక్టు కాగితాలు ముందర పెట్టుకున్నరు. ఎన్ని దొడ్లు పెట్టాలి, ఎట్లా బిగించాలి, ఎన్నిసార్లు కడగాలి అన్నీ అందులోనే రాసి ఉన్నయి. కాగితం పట్టుకుని సందు సందు తిరిగిన్రు. ఒక్కో దొడ్డినీ లెక్కపెట్టిన్రు, తలుపు తెరిచి చూసిన్రు, పక్కింటి వాళ్లను అడిగి రాసుకున్నరు. లెక్కలో చూపినన్ని దొడ్లు నేల మీద లేవు. ఉన్నవాటిలో చాలావి వాడే స్థితిలో లేవు. అదంతా బహిరంగ సభ పెట్టి జనం ముందు చదివి వినిపించిన్రు.

ఈ పద్ధతి మీకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తలేదా?

అనిపించాలి. ఎందుకంటే అది ఇండియా పద్ధతి. వాళ్లు నేర్చుకున్నది ఇక్కడి నుంచే. 1990లో రాజస్థాన్‌లో మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1994 డిసెంబర్ 2న కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన సునవాయి పెట్టింది. పంచాయతీ పనుల మస్టర్ రోల్ తీసుకొచ్చి, టెంటు వేసి, ఒక్కో పేరు చదివిన్రు. చచ్చిపోయినోళ్ల పేర్లు, ఊళ్లో లేనోళ్ల పేర్లు కూలి తీసుకున్నట్టు బయటపడినయి. ఆ పోరాటంలోంచే సమాచార హక్కు చట్టం 2005 వచ్చింది. అదే ఏడు వచ్చిన ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ పెట్టి, గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాసిన్రు.

ఆ సెక్షన్‌ను కాగితం మీది నుంచి నేల మీదికి దించింది మన తెలుగు నేలే. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టిన్రు. అదే ఏడు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలు మొదలైనయి. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టిన్రు. రాష్ట్రం విడిపోయినంక తెలంగాణకు వేరేది వచ్చింది. మీలో చాలామందికి ఈ తనిఖీ అంటే మండల ఆఫీసు ముందు టెంటు, మైకు, అరుపులు గుర్తుంటయి. అసలు పని అంతకుముందు జరిగేది. దాన్ని చేసింది ఐఏఎస్‌లు కాదు, ఆడిటర్లు కాదు. కూలి పనికి పోయే ఇంట్లో పుట్టి పదో ఇంటరో చదివిన పిల్లలు.

వాళ్లు ఎట్లా చేసేదో కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే ఇదే మనం పోగొట్టుకుంటున్న విద్య. ముందు మండలం నుంచి మస్టర్ రోళ్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల జాబితాలు తీసుకుంటరు. పిల్లలకు కొన్ని రోజుల శిక్షణ ఉంటది. తర్వాత ఊరికి పోయి అక్కడే ఉంటరు. సర్పంచ్ ఇంట్లోనో, ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లోనో తినొద్దు, పండొద్దు. బడిలోనో కూలోళ్ల వాకిట్లోనో పడుకోవాలె. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, ఇగో ఈ వారం నువ్వు ఆరు రోజులు చెరువు పనికి పోయినవని ఉంది, పోయినవా? ఇన్ని పైసలు వచ్చినయని ఉంది, వచ్చినయా?" అని అడుగుతరు. పాసుబుక్కు చూస్తరు. పని జరిగిన చోటుకు పోయి టేపు పట్టి కొలుస్తరు. కాగితంలో వంద మంది కూలోళ్లు తవ్విన గుంతలో జేసీబీ పళ్ల గీతలు కనపడితే, అదీ రాసుకుంటరు. చివరికి ఊళ్లో సభ, ఆ తర్వాత మండల ప్రజావేదిక. అక్కడ అధికారి ఎదురుగ, మైకులో, ఎవరి పేరు మీద పైసలు తిన్నరో ఆ మనిషే లేచి నిలబడి చెప్పాలె.

అందులో ఒక చిన్న నియమం ఉంది. దాని విలువ మనకింకా సరిగ్గా తెలియలేదు అనిపిస్తది. ఏ పిల్లా తన సొంత ఊరిని తనిఖీ చేయొద్దు. పక్క ఊరికి పోవాలె. సొంత ఊళ్లో బాబాయ్ మేట్ అయి ఉంటడు, మేనమామ సర్పంచ్ వెనక తిరుగుతుంటడు, నోరు పెగలదు. పక్క ఊళ్లో ఆ మొహమాటం ఉండదు.

తనిఖీని పొగిడి ఊరుకుంటే అబద్ధం అవుతది. తినేసినట్టు తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంచెమే. చిన్న ఉద్యోగి మీద చర్య ఉంటది, పెద్దోడి దాకా పోయేసరికి ఫైలు నెమ్మదిస్తది. చాలా మండలాల్లో ప్రజావేదిక ఒక తంతుగా మారింది. సర్కారే జీతమిచ్చి సర్కారు మీద తనిఖీ చేయిస్తే అది ఉద్యమం ఎట్లయితది అని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. పైగా ఉపాధి హామీ చట్టాన్నే 2025 డిసెంబర్‌లో పార్లమెంటు తీసేసి దాని స్థానంలో వేరే చట్టం తెచ్చింది. కానీ ఒక్క మాట. పైసలు వసూలు కాకపోయినా, మన ఇంటి పిల్ల కొలతల పుస్తకం చదవడం నేర్చుకుంది. ఇంజనీరు ముందు టేపు పట్టింది. ఆ నేర్పు ఏ చట్టం రద్దయినా రద్దు కాదు.

ఇప్పుడు మళ్లీ ఖయెలిత్షా వైపు చూడండి. వాళ్లకు గ్రామసభ లేదు. 17వ సెక్షన్ లేదు. సామాజిక తనిఖీ చేయమని చెప్పిన చట్టమే లేదు. అది పల్లె కూడా కాదు, మహానగరం అంచున బస్తీ. అచ్చం మన పెద్ద అంబర్‌పేట్ లాంటి చోటు. మనం మాత్రం ఏం చేసినం? పనిముట్టు ఊళ్లో వదిలేసి పట్నం వచ్చినం. మున్సిపాలిటీలో తనిఖీ చెయ్యరు కదా అనుకున్నం. సముద్రం అవతలి పిల్లలు అదే పనిముట్టును ఎత్తుకుని నగరం బస్తీలోకి తీసుకుపోయిన్రు.

వాళ్లకు అది ఊరికే దొరకలేదు. నగర పాలకులతో గొడవ నెలల పాటు సాగింది. 2013 సెప్టెంబర్‌లో నగర కార్యాలయం ముందు గొలుసులతో కట్టేసుకుని నిలబడితే 21 మందిని అరెస్టు చేసిన్రు. ముందస్తు నోటీసు ఇవ్వకుండా గుమిగూడిన్రని పాత చట్టం కింద కేసు. 2015లో పది మందిని దోషులన్నరు. వాళ్లు అక్కడితో ఆగలేదు. 2018 నవంబర్‌లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం, నోటీసు ఇవ్వనందుకే మనిషిని నేరస్తుడిని చేయడం చెల్లదని ఆ సెక్షన్‌నే కొట్టేసింది. మరుగుదొడ్డి లెక్కతో మొదలైంది, దేశమంతటికీ నిరసన హక్కు తెచ్చి ఆగింది.

"అది దక్షిణాఫ్రికా, ఇక్కడ సాగదు" అనేవాళ్లుంటరు. ఇదే ఇబ్రహీంపట్నం తాలూకాలో సాగింది. 1980ల నడుమ గీతా రామస్వామి అనే యువతి ఇక్కడికి వచ్చి, దళిత కూలీలతో కలిసి ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం నడిపింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి దాని వెనక నిలబడ్డడు. అయినా పట్నానికి కూతవేటు దూరంలో ఉన్న ఈ ఊళ్లలో జీతగాళ్లకు ఆ చట్టం సంగతే తెలియదు. సంఘం చేసిన పని, ఆ చట్టాన్ని జీతగాడి దగ్గరికి తీసుకుపోవడం, జీతగాడిని ఆఫీసు దాకా నడిపించడం. తర్వాత కూలి రేట్లు, ఆ తర్వాత భూములు. వేల ఎకరాల మీద దళితులు హక్కు అడిగి నిలబడ్డరు. 2022లో ఆమె ఆ రోజుల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసిండ్రు. ఇప్పుడు ఆ నేల మీద ప్లాట్ల రాళ్లు పాతుతున్నరు, ఆ చరిత్ర ఇక్కడ కిరాయికి ఉండే మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల లాభం ఎవరికి అన్నది మీరే ఆలోచించండి.

సరే, పెద్ద అంబర్‌పేట్‌లోనో, అట్లాంటి ఇంకో అంచు ఊళ్లోనో ఉన్న చెల్లె, తమ్ముడు ఏం చెయ్యాలె?

అన్నీ ఒకేసారి పట్టుకోకండి. అది మన ఉద్యమాల పాత రోగం. పది డిమాండ్ల వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి, ఇంటికి పోవుడు. ఒక్క వస్తువును పట్టుకోండి. ఖయెలిత్షా వాళ్లు మరుగుదొడ్డి పట్టుకున్నరు. మీ బస్తీకి నీళ్ల ట్యాంకర్ వస్తదా? దాన్నే పట్టుకోండి. నెల రోజుల్లో ఏయే తేదీన, ఏ బస్తీకి, ఎన్ని ట్రిప్పులు వచ్చినట్టు రాసిన్రు, ఎంత బిల్లు చెల్లించిన్రు అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలె. రాకపోతే మొదటి అప్పీలు. కాపీలే కాదు, రికార్డు కూర్చుని చూసే హక్కు, జరిగిన పనిని పోయి పరిశీలించే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే, 2(జె)లో ఉంది. సిమెంటు రోడ్డు పెచ్చులూడుతుంటే ఇది పనికొస్తది.

ఆ నెల రోజులూ అటువైపు మీ సొంత లెక్క రాయించండి. బస్తీలో నీళ్ల కోసం బిందె పట్టుకుని నిలబడేది ఆడవాళ్లే. ట్యాంకర్ ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అన్నది వాళ్లకు తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు. గోడ క్యాలెండర్ మీద వచ్చిన రోజు ఒక గీత పెట్టమనండి, చాలు. చదువు రాకపోయినా గీత పెట్టొచ్చు. ఆఫీసు కాగితం చేతికి వచ్చినంక, ఆ క్యాలెండర్‌ను దాని పక్కన పెట్టండి.

"మా కౌన్సిలర్ మనోడే, ఎట్లా అడుగుతం?" అని మీలో ఒకరు అననే అంటరు. మన దగ్గర ఇది అతి పెద్ద అడ్డం. మనోడు గెలిచినంక అడుగుడు బంద్. దీనికి మందు ఆ తనిఖీ పిల్లల నియమంలోనే ఉంది. మీ బస్తీ పిల్లలు పక్క బస్తీ లెక్క చూడండి, పక్క బస్తీ వాళ్లు మీది చూస్తరు. ఒంటరిగా దరఖాస్తు వేయకండి. అయిదుగురు అయిదు దరఖాస్తులు వేయండి. ఈ దేశంలో సమాచారం అడిగినందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నరు. ఇది పిరికితనం కాదు, జాగ్రత్త.

ఇంకో రెండు కాగితాలు అడగాల్సినవి ఉన్నయి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు, అందులో ఒకటి అచ్చంగా యువతది. మున్సిపాలిటీగా ఉన్న అన్నేళ్లలో మీ వార్డు యువత కమిటీలో ఎవరి పేర్లున్నయి, ఎన్నిసార్లు కూర్చున్నరు? మినిట్స్ బుక్ కాపీ అడగండి. మీ బస్తీలో ఎవరి పేరో వాళ్లకు తెలియకుండానే ఉంటే ఆశ్చర్యపోకండి. రెండోది, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధి. 2017లో తెచ్చిన చట్టం అది. జనాభా వాటా ప్రకారం బడ్జెట్‌లో పక్కన పెట్టాలె, ఖర్చు చేయకపోతే ఆ మేరకు వచ్చే ఏడు కలపాలె. బడ్జెట్ పుస్తకంలో వేల కోట్ల అంకె కనపడుతది. మీ పట్టణంలో, మీ వార్డులో ఆ పద్దు కింద ఏం పని జరిగింది? అందరికీ వేసిన రోడ్డును మన పద్దులో చూపిన్రా? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లో వెతికితే దొరకదు, వార్డులోనే దొరుకుతది.

మేఘాలయ సంగతి కూడా చెవిలో వేసుకోండి. గిరిజనులే ఎక్కువమంది ఉన్న ఆ రాష్ట్రం 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టం చేసింది, ఒక్క ఉపాధి పనికే కాదు, ఎన్నో సర్కారు పథకాలకు. తనిఖీని దేశానికి నేర్పిన తెలుగు నేల మీద మాత్రం పట్టణానికి అట్లాంటి చట్టం లేదు. వచ్చే ఎన్నికల్లో ఓటడగ వచ్చినోళ్లను దీని గురించి ఒక్కసారైనా అడగండి.

గురుకులాల్లో చదివిన తరం మనకు ఇప్పుడు ఉంది. డిగ్రీ చేసి డెలివరీ బండి నడుపుతున్నరు, పోటీ పరీక్షలకు కూర్చుంటున్నరు. భారత రాజ్యాంగం, పంచాయతీరాజ్, సమాచార హక్కు అన్నీ ఆ పరీక్షల కోసం బట్టీ పట్టినవే. సెక్షన్ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తరు. ఆ సెక్షన్లలో ఒక్కదాన్ని తెల్ల కాగితం మీద రాసి, పది రూపాయలు జత చేసి, సోమవారం మున్సిపల్ ఆఫీసుకు పోండి. ఆఫీసు జీహెచ్‌ఎంసీ సర్కిల్‌కు మారిందంటే అక్కడికే పోండి. రసీదు తీసుకోవడం మరవకండి. తీసుకోమంటే నవ్వుతరు, రేపు రా అంటరు. స్పీడ్ పోస్టులో పంపండి, ఆ పోస్టు రసీదే మీ రసీదు. జవాబు వచ్చినంక, రాకున్నా సరే, తేదీ వేసి ఈ పోస్టు కింద రాయండి. ఏ బస్తీ, ఏ పద్దు, ఎన్ని రోజులైంది.